చీకటి వేరు, నలుపు వేరు

ఇంద్రధనుస్సులో నలుపు లేదు. ఈ సంగతి చిన్న తరగతి విద్యార్థి కూడా ఎరుగును. ఊదా మొదలు ఎరుపు వరకు ఏడు రంగుల పేర్లు వల్లె వేయించిన ఉపాధ్యాయుడు పాఠం చివర ఒక ప్రశ్న వ్రాయిస్తాడు: "నలుపు రంగు అగునా?" దాని క్రిందనే సమాధానమూ వ్రాయిస్తాడు: "కాదు. తనపై పడిన వెలుగును వస్తువు తిరిగి పంపక తనలోనే ఇముడ్చుకొన్నచో అది నల్లగా కనిపించును. నలుపు అనగా రంగు లేమి." పరీక్షలో ఈ మాటలు వ్రాసినవానికి పూర్తి మార్కులు వస్తాయి.

ఈ సమాధానం వెనుక గొప్ప పరంపరే ఉన్నది. 1666 ప్రాంతంలో ఐజాక్ న్యూటన్ చీకటి గదిలోనికి సన్నని ఎండ కిరణాన్ని రానిచ్చి, గాజు పట్టకం గుండా పంపి, తెల్లని వెలుగులో రంగులన్నీ కలిసి ఉన్నవని చూపినాడు. 1704లో వెలువడిన ఆయన 'ఆప్టిక్స్' గ్రంథం ఆ సిద్ధాంతాన్ని లోకానికి స్థిరపరచినది. వెలుగులోని రంగులను లెక్కించేటప్పుడు వెలుగు లేనిదానిని ఏ వరుసలో నిలబెట్టగలం? కనుక న్యూటనును ఆక్షేపించవలసిన పని లేదు. ఆయన వెలుగును గురించి చెప్పిన మాటను మనం చూపును గురించిన మాటగా మార్చుకొన్నాం. చిక్కు అక్కడ వచ్చినది.

తక్కిన ఊళ్ళలో ఈ సమాధానం ఎదురు లేకుండా చెల్లిపోవచ్చును. గోదావరిఖనిలో, రామగుండంలో అంత తేలికగా చెల్లదు. అక్కడ బొగ్గు లారీ పోయిన త్రోవ నలుపు, వేపచెట్టు ఆకుల మీద ధూళి నలుపు, వానకాలంలో కాలువ నీరు నలుపు. గనిలో షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి ముఖాన కళ్ళూ పళ్ళూ తప్ప తక్కినదంతా నలుపు. అట్టి యింటి పిల్లవాడు లేచి, "నలుపు రంగే కాదంటే, మరి మా నాయిన బనీనుకు అంటిందేంది సార్?" అని అడిగితే ఏమి చెప్పవలెను? సబ్బుకు లొంగనిది, తల్లి చేతులు నొప్పి పెట్టేదాకా ఉతికినా పోనిది, అటువంటి దానిని "లేమి" అంటే ఆ పిల్లవాడు నమ్ముతాడా? నమ్మితే తన కన్నులను నమ్మడం మానుకోవలెను. నమ్మకపోతే పాఠాన్ని నమ్మడం మానుకోవలెను. రెండూ చదువుకు మంచివి కావు. కాబట్టి ఈ ప్రశ్నను మరికొంత ఓపికతో విచారించడం మన విధి.

ముందుగా బొగ్గునే చూద్దాం. నలుపును గురించి దానికంటె బాగా చెప్పగల వస్తువు మరొకటి లేదు.

గోదావరి లోయలోని ఈ బొగ్గు నేటిది కాదు. సుమారు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కోట్ల సంవత్సరాల క్రిందట ఇక్కడి చిత్తడి నేలల్లో పెరిగి కూలిన గ్లాసోప్టెరిస్ మొదలైన వృక్షజాతుల శేషమది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో దీని ఉనికిని గుర్తించినాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి త్రవ్వకపు హక్కులు లభించినవి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఇల్లందు దాపుననున్న ఒక చిన్న గ్రామం పేరు ఈ విధంగా గోదావరి పొడవునా వ్యాపించినది. నేడు ఇది తెలంగాణ రాష్ట్రానికి నూటికి 51 పాళ్ళు, కేంద్రానికి 49 పాళ్ళు వాటా గల ప్రభుత్వ సంస్థ.

దూరాన నిలిచి చూచేవానికి బొగ్గంతా ఒకటే నలుపు. దగ్గరకు వచ్చి, విరిగిన ముఖాన్ని ఎండలో త్రిప్పి చూడండి. ఒక పొర గాజు వలె మెరుస్తుంది. దాని ప్రక్క పొర పట్టుగుడ్డ వలె మెత్తని నిగారింపుతో ఉంటుంది. మరొకటి మసకగా, బూడిద ఛాయతో, గట్టిగా ఉంటుంది. వేరొకటి కట్టెబొగ్గు వలె పెళుసై, ముట్టుకొంటే వేళ్ళకు అంటుకొంటుంది. 1919లో మేరీ స్టోప్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు, కంటికి కనబడే ఈ భేదాలను పట్టుకొనియే బొగ్గులోని అంశాలను నాలుగుగా విభజించి విట్రెయిన్, క్లారెయిన్, డ్యూరెయిన్, ఫ్యూజెయిన్ అని పేర్లు పెట్టినది. అంటే ఒక శాస్త్రంలోని ప్రధాన విభాగమే నలుపులలోని తేడాల మీద నిలిచి ఉన్నది! "లేమి"లో నాలుగు రకాలు ఉండగలవా?

బొగ్గుతో బ్రతికే కార్మికునికి ఈ శాస్త్రనామాలతో పని లేదు. బొగ్గు పొరకూ, దాని నడుమ దూరిన షేలు రాతికీ తేడా అతడు చూపుతోనే చెప్పగలడు. రెండూ మనకు నల్లగానే తోస్తాయి. అతనికి ఒకటి బొగ్గు, ఒకటి బండ. ఆ తేడా తెలియకపోతే బొగ్గులో రాయి కలుస్తుంది, పొయ్యిలో బూడిద పెరుగుతుంది, సరుకు విలువ పడిపోతుంది. నలుపును చదవడం అతనికి వృత్తివిద్య.

ఇక బొగ్గు నల్లగా ఎందుకున్నది? బొగ్గులో ప్రధానమైన మూలకం కర్బనం. వజ్రంలోనూ అదే కర్బనం. వజ్రంలో పరమాణువులు ఒకదానినొకటి బిగించి పట్టుకొన్న తీరులో ఎలక్ట్రానులకు కదిలే స్వేచ్ఛ లేదు. కంటికి కనబడే కిరణాలు వాటిని కదిలింపలేక దాని గుండా సాగిపోతాయి. బొగ్గులో కర్బన పరమాణువులు వలయాలు వలయాలుగా పెనవేసుకొని ఉంటాయి. అక్కడి ఎలక్ట్రానులు ఒక పరమాణువును అంటిపెట్టుకొని ఉండక విస్తరించి తిరుగుతూ, ఎరుపు మొదలు ఊదా వరకు ఏ కిరణం వచ్చినా స్వీకరిస్తాయి. మ్రింగిన వెలుగు మాయం కాదు, వేడిగా మారుతుంది. ఎండ 45 డిగ్రీలు దాటే వైశాఖ మాసంలో రామగుండం ఓపెన్‌కాస్టు గనిలోని బొగ్గు మీద అరచేయి ఆన్చిన వారికి ఈ సూత్రం వేరుగా బోధించవలసిన అవసరం లేదు.

అయితే బొగ్గు కూడా వెలుగునంతటినీ మ్రింగదు. నూటికి నాలుగైదు పాళ్ళు తిరిగి పంపుతుంది. మనం నిత్యం చూచే నల్లని వస్తువులన్నీ అంతే. 2019లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు కర్బనపు అతిసూక్ష్మ నాళికలను అడవి వలె పెంచి, తనపై పడిన వెలుగులో నూటికి 99.995 పాళ్ళు మ్రింగివేసే పూతను తయారుచేసినారు. దాని ముందు మన బొగ్గు వెలవెలబోతుంది. అయినా బొగ్గును నలుపు కాదని ఎవరూ అనలేదు. కనుక నల్లగా కనబడడానికి వెలుగు బొత్తిగా లేకపోవలసిన అవసరం లేదని తేలినది.

ఇంకొక లెక్క చూడండి. ఇది పలకా బలపం పట్టిన పిల్లవానికి కూడా అందే లెక్క. మిట్టమధ్యాహ్నపు ఎండ బలం సుమారు ఒక లక్ష లక్సులు. రాత్రి దీపం వెలుగుతున్న గది బలం సుమారు 250 లక్సులు. ఎండలోని బొగ్గు నూటికి నాలుగు పాళ్ళు తిరిగి పంపితే నాలుగు వేలు. గదిలోని తెల్లకాగితం నూటికి ఎనభై పాళ్ళు తిరిగి పంపితే రెండు వందలు. అంటే ఎండలోని బొగ్గు గదిలోని కాగితం కంటె ఇరవై రెట్లు ఎక్కువ వెలుగును మన కంటికి పంపుతున్నది! అయినా బొగ్గు నల్లగానే ఉన్నది, కాగితం తెల్లగానే ఉన్నది. కంటికి చేరిన వెలుగు పరిమాణమే రంగును నిర్ణయించేదైతే ఈ వింత జరుగదు.

మరి నిర్ణయించేది ఏది? ఇరుగుపొరుగు. కన్ను ఏ వస్తువునూ ఒంటరిగా తూచదు. దాని ప్రక్కనున్న వాటితో సరిచూచి తీర్పు చెబుతుంది. ఎండలో బొగ్గు ప్రక్కనున్న ఇసుక, ఆకులు, ఆకాశం అన్నీ బొగ్గుకంటె ఎన్నో రెట్లు వెలిగిపోతుంటాయి. వాటి నడుమ బొగ్గుకు అట్టడుగు పీట దక్కుతుంది. ఆ అట్టడుగు పీటకే నలుపు అని పేరు.

ఈ మాటను ప్రయోగం చేసి చూపినవాడు ఆధేమార్ గెల్బ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1929లో ఆయన ప్రకటించిన ప్రయోగం ఇది. చీకటి గదిలో నల్లని బిళ్ళను వ్రేలాడదీసి, చాటుగా ఉంచిన దీపం నుండి ఆ బిళ్ళ మీద మాత్రమే వెలుగు పడేటట్లు చేసినాడు. చూచినవారికి అది నల్లని బిళ్ళ అని తోచలేదు, తెల్లని బిళ్ళగా కనబడినది. అప్పుడు దాని ముందు అదే వెలుగులో చిన్న తెల్లకాగితం ముక్కను ఉంచినాడు. తక్షణమే బిళ్ళ నల్లబడినది. ముక్కను తీసివేసినాడు, బిళ్ళ మళ్ళీ తెల్లబడినది. బిళ్ళ మీద పడే వెలుగు మారలేదు, బిళ్ళ మారలేదు, చూచేవాని కన్నూ మారలేదు. ప్రక్కన తెలుపు వచ్చి నిలిచేసరికి నలుపు పుట్టినది.

గెల్బు గదికి అతి సమీపమైన చోటు మన భూగర్భ గనియే. అక్కడ ఆకాశం లేదు, కిటికీ లేదు. కార్మికుని టోపీకి బిగించిన దీపం అతడు తల త్రిప్పిన చోటనే వెలుగు పోస్తుంది. ఆ వెలుగు వలయంలో కేవలం బొగ్గు ముఖం ఉన్నప్పుడు అది మనం ఇంట్లో అనుకొనే నలుపు కాదు. మెరుపు పొరలు వెండి వలె తళుక్కుమంటాయి, మసక పొరలు బూడిద రంగున కనబడతాయి. దీపం కాస్త ప్రక్కకు తిరిగి, రాతిపొడి చల్లిన గోడనూ బొగ్గునూ ఒకే వలయంలోనికి తెచ్చినప్పుడు బొగ్గు తన నలుపును తాను పొందుతుంది.

ఇప్పుడు ఆ దీపాన్ని ఆర్పివేయండి. ఏమి కనబడుతుంది? నలుపు అని చప్పున అంటాం. కాని బాగా ఆలోచించండి. ఆ చోట బొగ్గేదో, గోడ ఏదో, తన చేయి ఏదో తెలియదు. ఇందాక వేరువేరుగా నిలిచిన నలుపులన్నీ ఏమైనవి? అవన్నీ వెలుగుతో పాటు వెళ్ళిపోయినవి. నలుపు కనబడడానికి కూడా దీపం కావలెను! మన జాతీయం ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉన్నదో గమనించండి: "కన్ను పొడుచుకొన్నా కానరాని చీకటి" అన్నారు పెద్దలు. ఆ మాటలో రంగు ప్రసక్తి లేదు, కానరాకపోవడమే ఉన్నది. "కాటుక చీకటి", "కారుచీకటి" అన్నవి కవి సమయాలు. ఇది అనుభవం.

పూర్తి చీకటిలో కొంతసేపు కూర్చున్నవారికి ఎదుట నిండు నలుపు కాక, లేత బూడిద వంటి మసక తోస్తుంది. అందులో అక్కడక్కడ సన్నని మినుకులు కూడా కదలాడుతాయి. దీనికి జర్మను భాషలో 'సొంత బూడిద రంగు' అను అర్థం వచ్చే పేరున్నది. వెలుగు రాకపోయినా కంటి వెనుక పొరలోని కణాలు ఊరకుండవు. తమంతట తాము అప్పుడప్పుడు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. కనుక వెలుగు పూర్తిగా పోయినచోట మనం చూచేది అచ్చమైన నలుపు కాదు. అచ్చమైన నలుపును చూడవలెనంటే దాని అంచున వెలుగుండవలెను.

జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ పందొమ్మిదవ శతాబ్దిలోనే నలుపు నిజమైన ఇంద్రియానుభవమని వాదించినాడు. ఆయన చూపిన తార్కాణం సరళమైనది. మన వీపు వెనుక ఏమున్నదో మనకు కనబడదు. కాని వీపు వెనుక నల్లగా ఉన్నదని ఎవరమూ అనము. అక్కడ చూపు లేదు, అంతే. చూపు లేకపోవడం వేరు, నలుపును చూడడం వేరు.

ఇరవయ్యవ శతాబ్దిలో దేహశాస్త్రం ఈ మాటకు బలమైన సాక్ష్యం తెచ్చినది. 1938లో హార్ట్‌లైన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కప్ప కంటిలోని నాడీతంతువులను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో కొన్ని వెలుగు రాగానే సంకేతం పంపుతాయనీ, మరికొన్ని వెలుగు తగ్గినప్పుడే సంకేతం పంపుతాయనీ కనుగొన్నాడు. కంటిని గురించిన పరిశోధనలకు 1967లో ఆయన నోబెల్ బహుమానాన్ని పంచుకొన్నాడు. మన కంటిలోనూ ఈ రెండు తెగల కణాలు ఉన్నవి. అంటే వెలుగు తగ్గిన వార్తను మోసుకొనిపోవడానికి ప్రకృతి ప్రత్యేకంగా వార్తాహరులను నియమించినదన్నమాట. నలుపు వార్త అందకపోవడం కాదు. అది స్వయంగా ఒక వార్త.

ఇంత దూరం పడమటి పండితుల వెంట నడిచినాం. ఈ చిక్కుముడిని మన యింటి పెద్ద ఒకరు ఏనాడో విప్పి ఉంచినారు. 'తర్కసంగ్రహ' కర్త అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి, పదిహేడవ శతాబ్దివాడు. తర్కశాస్త్రం ఆరంభించే విద్యార్థికి నేటికీ తొలి పుస్తకం ఆయనదే. లోకంలోని ద్రవ్యాలు తొమ్మిదని చెప్పి, తన గ్రంథానికి తానే వ్రాసిన 'దీపిక' అను వ్యాఖ్యలో ఆయన ఒక ఆక్షేపం లేవదీసినాడు. చీకటి నల్లగా ఉన్నదనీ, కదులుతున్నదనీ మనకు తోస్తున్నది గదా? రంగూ చలనమూ ఉన్నదానిని పదవ ద్రవ్యంగా ఎందుకు అంగీకరింపరాదు? దానికి ఆయన చెప్పిన సమాధానం సారాంశం ఇది. రంగు గల ద్రవ్యాన్ని కన్ను గ్రహించవలెనంటే వెలుగు తోడు కావలెను. చీకటి తెలియడానికి వెలుగు అక్కరలేదు. కనుక చీకటి రంగు గల ద్రవ్యం కాదు, వెలుగు లేకపోవడమే చీకటి.

అదే అన్నంభట్టు రంగులను లెక్కించినప్పుడు ఏడని చెప్పినాడు. ఆ ఏడు ఇంద్రధనుస్సులోనివి కావు. వాటిలో తెలుపు ఉన్నది, 'నీల'మూ ఉన్నది. సంస్కృతంలో నీల శబ్దం నలుపునకు కూడా వర్తిస్తుంది. అమరకోశం కృష్ణ, శ్యామ, నీల, మేచక శబ్దాలను ఒకే కోవలో పెట్టినది. నల్లని చీకటి అనే తోపును కాదన్నవాడే నలుపును రంగుల వరుసలో కూర్చోబెట్టినాడు. ఇందులో విరోధం లేదు. చీకటి వెలుగు లేమి, నలుపు వెలుగులో కనబడే గుణం. ఒకటి దీపం ఆర్పితే వచ్చేది, ఒకటి దీపం ఆర్పితే పోయేది. ఈ వివేకం ఉంటే మన గోదావరిఖని పిల్లవాని ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

మాటల చరిత్ర కూడా ఇక్కడ ఒక చక్కని సాక్ష్యం పలుకుతున్నది. సంస్కృతంలో 'సిత' అంటే తెలుపు, 'అసిత' అంటే నలుపు. పైకి చూస్తే తెలుపు కానిది అసితమని, అంటే నలుపు తెలుపునకు లేమి అని తోస్తుంది. భాషా చారిత్రకుల తలపు వేరు. అసిత శబ్దమే పాతదనీ, దాని మొదటి అక్షరాన్ని నిషేధార్థకంగా పొరబడి విరిచివేయగా సిత శబ్దం తరువాత పుట్టినదనీ వారు భావిస్తారు. ఈ మాటల జంటలో పుట్టుక వరుస నలుపు ముందు, తెలుపు వెనుక! 1969లో బెర్లిన్, కే అను ఇద్దరు అమెరికా పండితులు అనేక భాషల రంగుల పేర్లను పరిశీలించి, రంగులకు రెండే పేర్లున్న భాషల్లో ఆ రెండూ నలుపు తెలుపులకు చెందినవేనని తేల్చినారు. ఎరుపు కూడా ఆ తరువాతిదే. రంగు కానిదానికి మానవజాతి అన్నిటికంటె ముందు పేరు పెట్టుకొని ఉంటుందా?

ఈ విచారం అంతా పండితుల కాలక్షేపమని కొందరు అనుకోవచ్చును. గనిలో అది ప్రాణాలతో ముడిపడిన సంగతి. బొగ్గు తనపై పడిన వెలుగును చాలవరకు మ్రింగుతుంది గనుక, గదిలో ఉంచిన దీపాన్నే గనిలో ఉంచితే చుట్టూ ఏమీ వెలగదు. పందొమ్మిదవ శతాబ్ది చివరా ఇరవయ్యవ శతాబ్ది తొలిభాగంలోనూ బ్రిటన్ బొగ్గుగనుల్లో, మసక దీపాల కింద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎందరో కార్మికులకు కనుగ్రుడ్లు నిలకడ లేక అదిరే వ్యాధి వచ్చేది. మంచి విద్యుద్దీపాలు వచ్చిన తరువాత అది తగ్గిపోయినది. మన దేశంలో 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు, గనిలోని కూడళ్ళు, యంత్రాల గదులు మొదలైనచోట్ల పైకప్పుకూ ప్రక్కలకూ వెల్ల వేసి ఉంచవలెనని విధించినవి. బొగ్గుధూళి భగ్గున అంటుకొనకుండా దారుల్లో చల్లే రాతిపొడి కూడా గోడలను తెల్లబరచి ఆ మేలే చేస్తుంది. దూరాన నిలిచిన టబ్బును, నల్లని దుస్తుల మనిషిని, జారిన బండను ఆ తెలుపు పట్టి చూపుతుంది. గెల్బు తన గదిలో ఉంచిన తెల్లకాగితం ముక్క చేసిన పనిని గనిలో వెల్ల చేస్తున్నది. నలుపు కనబడితేనే మనిషి క్షేమం.

నలుపు విషయంలో మన సంఘం చేసే మరొక తీర్పును కూడా ఇక్కడ తలచుకోక తప్పదు. పెళ్ళిచూపుల్లో "పిల్ల కాస్త నలుపు" అనే మాట ఎన్ని యిళ్ళలో ఎందరు ఆడపిల్లల తల వంచినదో లెక్క లేదు. "నలుపు నారాయణ మెచ్చు" అను సామెత ఊరడింపుగా పుట్టినదే గాని, ఊరడింపు అవసరమైనదంటేనే గాయం ఉన్నదని అర్థం. బొగ్గును ప్రక్కన పెట్టి చూస్తే ఏ మనిషి చర్మమూ నలుపు కాదు, గోధుమ ఛాయలో కొన్ని మెట్లు మాత్రమే. ఎండలోని హానికర కిరణాల నుండి దేహాన్ని కాపాడే మెలనిన్ అను పదార్థం ఎక్కువ తక్కువల వల్ల ఆ మెట్లు ఏర్పడినవి. ఒకే పిల్ల ఒకరి ప్రక్కన నలుపు, మరొకరి ప్రక్కన చామనచాయ. ప్రక్కన ఎవరిని నిలబెట్టినారన్న దానిని బట్టి వచ్చే మాటను పిల్ల నుదుట వ్రాసిన గుణంగా చదవడం చూపునకు ఉన్న ధర్మం తెలియకపోవడమే. భారతకర్త పేరు కృష్ణద్వైపాయనుడు. కథానాయిక ద్రౌపది పేరు కృష్ణ. కథను నడిపించినవాడు కృష్ణుడు. అర్జునుని పది పేర్లలో కూడా కృష్ణుడన్న పేరున్నది. ఇందరు నల్లనివారిని కొలిచిన జాతి తన పిల్లలను వెలుగు లేనివారిగా చూడడం ఏమి న్యాయం?

ఇక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. "నలుపు రంగు అగునా?" అను ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో సమాధానం వ్రాయించకండి. "ఎక్కడ?" అని తిరిగి అడగండి. వెలుగులోనా? అక్కడ నల్లని కిరణమంటూ లేదు. రంగు పదార్థంలోనా? అక్కడ కాటుక, మసి, సిరా, బొగ్గు అన్నీ నిజమైన నల్లరంగులే. మీరు చదివే ఈ పత్రికను అచ్చొత్తిన సిరా కూడా కర్బనపు మసితో చేసినదే. కంటిలోనా? అక్కడ నలుపు వెలుగునకు ప్రతిగా నిలిచిన పూర్తి అనుభవం. మూడు చోట్ల మూడు సమాధానాలు. మూడూ సత్యాలే.

ప్రయోగశాల లేని బడిలో కూడా ఈ పాఠాన్ని కంటికి చూపవచ్చును. ఆర్పి ఉంచిన టెలివిజను తెరను పగటిపూట పిల్లలకు చూపండి. అది బూడిద ఛాయగా ఉంటుంది. తరువాత బొమ్మ పెట్టి, అందులోని మనుషుల నల్లని జుట్టును చూపండి. తెర తనంతట తాను ఉన్నదానికంటె నల్లని దేనినీ చూపలేదు. మరి ఆ జుట్టుకు ఆ నలుపు ఎక్కడిది? చుట్టూ వెలిగిన ముఖాలు ఇచ్చినది. సినిమా హాలులోనైతే ఇంకా విచిత్రం. అక్కడ తెర తెలుపు, దీపం విసిరేది వెలుగు మాత్రమే. నలుపును విసిరే యంత్రం లోకంలో లేదు. అయినా కథానాయిక కాటుక కళ్ళను చూచి ప్రేక్షకుడు మురిసిపోతూనే ఉన్నాడు. సాయంకాలం వీలైతే, చీకటి గదిలో దారానికి నల్లకాగితం కట్టి, దాని మీదనే సన్నని టార్చి వెలుగు పడేటట్లు చేసి, దూరం నుండి చూడమనండి. తరువాత దాని ప్రక్కన ఒక తెల్లకాగితం ముక్కను పెట్టండి. గెల్బు ప్రయోగం మన పల్లె బడిలో జరిగినట్లే.

ఇవి చూచిన పిల్లవాడు తన తండ్రి బనీనుకు అంటినది లేమి కాదని తెలుసుకొంటాడు. కోట్ల సంవత్సరాల నాటి అడవి అది. తనపై పడిన ఎండను త్రాగేది, త్రాగి వేడెక్కేది, నాలుగు విధాలుగా మెరిసేది, వెలుగున్నచోటనే కనబడేది. ఆ నలుపునే రామగుండం విద్యుత్కేంద్రం 1983 నుండి పొయ్యిలో వేసి దూరదూరపు ఊళ్ళకు కరెంటుగా పంపుతున్నది. ఆ కరెంటుతో వెలిగిన దీపం క్రింద కూర్చొని ఎక్కడో ఒక విద్యార్థి "నలుపు అనగా రంగు లేమి" అని వల్లె వేస్తూ ఉండవచ్చును. అతని పుస్తకంలోని ఆ వాక్యం అతనికి కనబడుతున్నదంటే, తెల్లని కాగితం మీద నల్లని అక్షరాలు ఉండబట్టే గదా!